గాలి లెక్క, గల్లాపెట్టె లెక్క

ఒక అగ్గిపెట్టెడు గాలిని తీసుకోండి. అందులో ఎన్ని అణువులు ఉంటాయో తెలుసా? ఆరు పక్కన ఇరవై సున్నాలు పెడితే వచ్చేటన్ని. ప్రతి అణువూ తన దారిన తాను పరుగెత్తుతూ, పక్కవాటిని ఢీకొంటూ, తన వేగం కొంత వాటికిచ్చి వాటి వేగం కొంత తాను పుచ్చుకుంటూ ఉంటుంది. ఏ ఒక్క అణువు దారినీ మనం పట్టుకోలేం. అయినా గోడకు ధర్మామీటరు తగిలిస్తే అది ఠక్కున ఒక అంకె చూపిస్తుంది. ఒక్కొక్కటిగా ఏమీ తెలియకపోయినా గుంపుగా అన్నీ తెలుస్తాయన్నమాట. ఈ విచిత్రాన్ని వివరించే విద్యకే గణాంక భౌతికశాస్త్రం అని పేరు.

అయితే అణువుల బదులు మనుషులు, వేగం బదులు రూపాయలు అనుకుంటే? బజారులో జరిగే ప్రతి బేరమూ ఒక ఢీ అనుకుంటే? ఆ లెక్క మన గల్లాపెట్టెకు కూడా వర్తిస్తుందా? ముప్పై ఏళ్ళుగా కొందరు భౌతికశాస్త్రవేత్తలు ఈ ప్రశ్న పట్టుకుని కూర్చున్నారు. వారు చెప్పేదానిలో కొంత నాకు నచ్చింది, కొంత నచ్చలేదు. రెండూ మీ ముందు పెడతాను.

ఘుగ్గుస్‌లో కూర్చుని ఇదంతా రాయడం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. చంద్రాపూర్ జిల్లాలో, వార్ధా నది ఒడ్డున ఉన్న మా ఊరు బొగ్గు ఊరు. గనులు, సిమెంటు కర్మాగారం, స్పాంజి ఐరన్ కర్మాగారం, వాటి చుట్టూ వాడలు. మా వాడలో సగం ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు. గనులు ఇంకా ప్రైవేటు కంపెనీల చేతుల్లో ఉన్న రోజుల్లో, అంటే 1973 జాతీయకరణకు ముందే, మా నాన్న పెద్దపల్లి వైపు నుంచి లోడరు పనికి ఇక్కడికి వచ్చాడు. నేను గనిలోకి దిగలేదు. జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మరాఠీ పిల్లలకు, తెలుగు పిల్లలకు, హిందీ పిల్లలకు ఒకే బోర్డు మీద మాక్స్‌వెల్ వక్రరేఖ గీసి చూపించిన వాణ్ణి గనుక ఆ రేఖ మీద నాకు కాస్త మమకారం ఎక్కువ.

నిజానికి సమాజపు లెక్కలు భౌతికశాస్త్రం నుంచి ఎరువు తెచ్చుకోలేదు. మొదట అరువిచ్చింది సమాజమే. బెల్జియం దేశపు ఖగోళ శాస్త్రజ్ఞుడు కెట్లే జనన మరణాలు, నేరాలు, మనుషుల పొడవులు, బరువులు అన్నీ పోగుచేసి, వాటిలోనూ నక్షత్రాల కొలతల్లో కనబడే గంట ఆకారపు వక్రరేఖే కనబడుతున్నదని చూపించాడు. దానికి ఆయన పెట్టిన పేరు సామాజిక భౌతికశాస్త్రం. ఆయన పుస్తకం మీద హెర్షెల్ రాసిన సమీక్షను స్కాట్లండు యువకుడు మాక్స్‌వెల్ చదివాడు. 1860లో ఆయన వాయు అణువుల వేగాలకు నియమం రాసినప్పుడు అదే రకం తర్కం వాడాడు. అంటే జనాభా లెక్కల నుంచి గాలి లెక్క పుట్టింది. ఇప్పుడు అదే గాలి లెక్క జనం దగ్గరికి తిరిగి వస్తున్నది.

మన దేశంలో దీనికి పాత చుట్టరికమే ఉన్నది. మేఘనాథ్ సాహా పేరు వినని సైన్సు విద్యార్థి ఉండడు. ఆయన, శ్రీవాస్తవ కలిసి 1931లో వేడిమి మీద రాసిన పాఠ్యపుస్తకం చాలా కాలం మన కాలేజీల్లో నడిచింది. అందులో మాక్స్‌వెల్ వక్రరేఖను వివరించడానికి వాళ్ళు ఒక దేశపు ఆదాయాల ఉదాహరణ తీసుకున్నారు. పూర్తిగా ఏమీ లేని బిచ్చగాళ్ళు కొద్దిమందే, కోటీశ్వరులూ కొద్దిమందే, మధ్యనున్నవారు ఎక్కువమంది, కాబట్టి ఆదాయాల బొమ్మ కూడా అణువుల వేగాల బొమ్మలాగే ఉంటుందని వారి ఊహ. పిల్లలకు పాఠం అర్థం కావడానికి చెప్పిన ఉపమానం, తర్వాత డెబ్భై ఏళ్ళకు పరిశోధనాంశం అయి కూర్చుంది.

సరిగ్గా ఆ 1931 డిసెంబరులోనే కలకత్తాలో ప్రశాంత చంద్ర మహలనోబిస్ భారత గణాంక సంస్థను స్థాపించారు. ఆయన ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం ప్రొఫెసరు. సంస్థ మొదలైంది కూడా ఆ భౌతికశాస్త్ర విభాగంలోనే. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వేకు మూలపురుషుడు ఆయనే. పల్లెటూరి ఇంట్లో నెలకు ఉప్పు ఎంత, జొన్నలు ఎంత, బీడీలు ఎంత అని ఇల్లిల్లూ తిరిగి రాసుకున్న ఆ సర్వేలు లేకపోతే, ఇవాళ ఎంత గొప్ప సమీకరణం రాసినా దాన్ని సరిచూసుకోవడానికి మన దగ్గర అంకెలే ఉండేవి కావు.

ఆ సంస్థకే 1941లో మన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు వెళ్ళి చేరాడు. 1920లో నేటి కర్ణాటకలోని హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టాడు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం ఊళ్ళలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. పూర్తిచేసి, యుద్ధకాలంలో ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళి గణాంకశాస్త్రంలో పడ్డాడు. 25 ఏళ్ళు నిండకముందు రాసి 1945లో ప్రచురించిన ఒక్క వ్యాసంలో, కొలతలో ఎంత ఖచ్చితత్వం సాధ్యమో చెప్పే హద్దును కనిపెట్టాడు. సంభావ్యతలను ఒక ఉపరితలం మీది బిందువులుగా చూసి వాటి మధ్య దూరం కొలిచే పద్ధతిని కూడా అదే వ్యాసంలో చూపాడు. ఆ జ్యామితిని గణాంక భౌతికశాస్త్రంవాళ్ళు ఇప్పటికీ వాడుకుంటున్నారు. ఆయన ఆర్థిక వ్యవస్థను వాయువుతో పోల్చినవాడు కాదు. కానీ లోకంలో పోగయ్యే అంకెల నుంచి నిజాన్ని ఎంతవరకు పిండవచ్చో తేల్చినవాడు. 2023లో, 102 ఏళ్ళ వయస్సులో, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకుని అదే సంవత్సరం ఆగస్టు 22న కన్నుమూశారు. సొంతరాష్ట్రం బయట బతుకుతూ పిల్లల చదువు గురించి బెంగపడే మనవంటి కుటుంబాలు ఆ వూళ్ళ జాబితా మరొకసారి చదువుకోవాలి.

ఈ కొత్త విద్యకు పేరు పెట్టింది కూడా కలకత్తాలోనే. 1995లో అక్కడ జరిగిన గణాంక భౌతికశాస్త్ర సదస్సులో బోస్టన్ విశ్వవిద్యాలయపు యూజీన్ స్టాన్లీ ‘ఎకనోఫిజిక్స్’ అనే మాట వాడాడు. మాట నాకేమీ నచ్చలేదు, కట్టెకు కొమ్ము అతికించినట్లుంటుంది. కానీ అదే నిలిచింది. సాహా పేరు మీదనున్న అణుభౌతిక సంస్థలో బికాస్ చక్రవర్తి, ఆయన శిష్యులు ఈ పనికి పెట్టింది పేరయ్యారు.

ఇక అసలు సంగతికి వద్దాం. ఒక సంక్రాంతికి మా సంఘం హాలులో ముగ్గుల పోటీ అయ్యాక ఇరవైమంది పిల్లలను కూర్చోబెట్టి ఒక ఆట ఆడించాను. ఒక్కొక్కరికి పది చింతపిక్కలు. నేను ఈల వేయగానే చీటీల ప్రకారం జతలు కట్టాలి. జతలో బొమ్మా బొరుసా వేసి, ఓడినవాడు గెలిచినవాడికి ఒక పిక్క ఇవ్వాలి. ఇవ్వడానికి పిక్క లేనివాడు ఇవ్వనక్కర్లేదు, గెలిస్తే మాత్రం పుచ్చుకోవచ్చు. ఇంతే ఆట. తెలివి చూపించడానికి ఎక్కడా సందు లేదు. మోసానికీ లేదు, అమ్మలందరూ చూస్తున్నారు. వంద ఈలలు వేసేసరికి నా గొంతూ ఈలా రెండూ పోయాయి.

చివర్లో లెక్కపెడితే ఒక కుర్రాడి దగ్గర 31 పిక్కలున్నాయి. నలుగురి దగ్గర రెండో ఒకటో, అసలే లేకనో. పదికి తక్కువ ఉన్నవారు మొత్తం పన్నెండుగురు. అందరూ సమానంగా మొదలుపెట్టారు, అందరికీ గెలిచే అవకాశం సమానం. అయినా సమానత్వం నిలవలేదు. 31 పిక్కల కుర్రాడు నాణెం ఎలా ఎగరేయాలో తనకు తెలుసునని పక్కవాళ్ళకు బోధించడం మొదలుపెట్టాడు. ఏమీ మిగలని ఒక పాప మాత్రం తల్లి కొంగు పట్టుకుని, “నేనేం తప్పు చేసిన?” అని అడిగింది. ఆ ప్రశ్నకు సమాధానం భౌతికశాస్త్రంలో ఉన్నది: ఏమీ చేయలేదు.

ఇదే ఆటను కోట్లమందితో కంప్యూటరు మీద ఆడిస్తే బొమ్మ ఒక నిలకడైన ఆకారానికి వస్తుంది. ఎడమవైపు ఎత్తుగా మొదలై కుడివైపుకు జారుడుబల్లలా దిగిపోయే రేఖ. ఉష్ణోగ్రత స్థిరపడిన వాయువులో అణువుల శక్తిని బోల్ట్‌జ్‌మన్ లెక్కవేసినప్పుడు వచ్చిన రేఖ అదే. గాలికి ఉష్ణోగ్రత ఎటువంటిదో, ఈ ఆటకు తలసరి సగటు అటువంటిది. ఆ రేఖలో దాగిన అంకెలు చూడండి. నూటికి 63 మంది సగటు కన్నా తక్కువలో ఉంటారు. కింది సగం జనం చేతిలో మొత్తం సొమ్ములో 15 శాతమే ఉంటుంది. పైనున్న పదిమంది చేతిలో 33 శాతం ఉంటుంది. ఎవడూ ఎవణ్ణీ దోచుకోని ఆటలోనే ఇంత తేడా! ఇక దోపిడీ కూడా కలిస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ద్రగులెస్కు, యాకొవెంకో అనే ఇద్దరు 2000, 2001 సంవత్సరాల్లో ఈ మాటను అక్కడి ఆదాయపు పన్ను లెక్కలతో సరిచూశారు. నూటికి సుమారు 97 మంది ఆదాయాలు అచ్చం ఈ జారుడుబల్ల మీదనే కూర్చున్నాయి. మిగిలిన మూడు శాతం సంపన్నులు మాత్రం వేరే దారి పట్టారు. వారిది అంత త్వరగా దిగని, పొడుగాటి తోక. ఇటలీలో రైల్వే ఇంజనీరుగా పనిచేసి అర్థశాస్త్రంలోకి వచ్చిన పరేటో 1896 ప్రాంతంలోనే ఆ తోకను కనిపెట్టాడు. షేర్ల బజారు ఉబ్బినప్పుడు ఆ తోక ఉబ్బుతుంది, కుంగినప్పుడు కుంగుతుంది. కింది 97 మంది రేఖ ఆకారం మాత్రం ఏళ్ళ తరబడి దాదాపు కదలకుండా ఉన్నది. మన దేశంలోని అత్యంత సంపన్నుల జాబితాలను తీసుకుని చెన్నై గణితశాస్త్ర సంస్థలోని సీతాభ్ర సిన్హా 2006లో లెక్కకడితే అటువంటి తోకే ఇక్కడా బయటపడింది.

ఇందులో ఇల్లాళ్ళకు పనికివచ్చే సంగతి ఒకటి ఉన్నది. మనుషులను ఒక్కొక్కరిగా కాక, ఇద్దరు సంపాదించే కుటుంబాలుగా లెక్కవేస్తే ఆ బొమ్మలో అసమానత బాగా తగ్గుతుంది. సున్నా సమానత్వానికి, ఒకటి సంపూర్ణ అసమానతకు గుర్తుగా తీసుకునే గిని కొలతలో అది అర నుంచి ఎనిమిదింట మూడుకు దిగుతుంది. ఒకరికి చెడ్డ సంవత్సరం వస్తే రెండోవారు ఆదుకోవడమే దీని రహస్యం. మా వాడలో మిషను కుట్టే ఆడవాళ్ళు, అప్పడాలు చేసే ఆడవాళ్ళు ఈ సూత్రం ఎవరూ చెప్పకుండానే అమలు చేస్తున్నారు.

పొదుపు సంగతి కూడా ఇటువంటిదే. కలకత్తావాళ్ళు 2000లో ఆటలో ఒక చిన్న మార్పు చేశారు. ప్రతి బేరంలో ప్రతివాడూ తన దగ్గరున్న దానిలో కొంత భాగం పక్కన దాచి మిగిలినదే పందెం కాయాలి. అంతే, జారుడుబల్ల కాస్తా గూని వీపు ఆకారానికి మారిపోయింది. అసలేమీ లేనివారు దాదాపు మాయమయ్యారు, మధ్యవారు పెరిగారు. సాహా పుస్తకంలో ఊహించిన ఆకారం ఇదే. తర్వాత 2004లో ఒక్కొక్కరికి ఒక్కొక్క పొదుపు స్వభావం పెట్టి ఆడిస్తే పరేటో తోక కూడా తనంత తానే మొలిచింది. నెలనెలా చీటీ కట్టే మన అలవాటును మెచ్చుకోవడానికి దీన్ని వాడుకోవచ్చుగానీ, మరీ అంత దూరం పోకండి. చీటీపాట నడిపేవాడు పరారైతే ఏ సమీకరణమూ ఆదుకోదు.

ఇక నాకు నచ్చని సంగతి. ఈ ఆటల్లో ఉన్న సొమ్మంతా ముందే ఉన్నది. అది చేతులు మారుతుందే తప్ప కొత్తగా పుట్టదు. 2006లో గల్లెగాటి, కీన్, లక్స్, ఆర్మెరాడ్ అనే నలుగురు ఆర్థికవేత్తలు సరిగ్గా ఇదే తప్పు పట్టారు. ఉత్పత్తి లేని ఆర్థిక వ్యవస్థ ఏమిటి, అణువులు బేరమాడతాయా అని అడిగారు. నేను భౌతికశాస్త్రం పక్షం వాణ్ణయినా ఈ తగవులో ఆర్థికవేత్తలవైపే నిలబడతాను. ఎందుకంటే నేను పెరిగింది గని ఊళ్ళో. పాతాళం నుంచి టబ్బులో పైకి వచ్చే బొగ్గు చేతులు మారిన పిక్క కాదు. అది నిన్న లేదు, ఇవాళ ఒక మనిషి చెమటతో వచ్చింది. పైగా మా ఊళ్ళో పర్మినెంటు కార్మికుడి జీతం బొమ్మా బొరుసా వేసి తేలదు. యూనియన్లు, యాజమాన్యం కూర్చుని కుదుర్చుకునే జాతీయ బొగ్గు వేతన ఒప్పందంలో ఏ కేటగిరీకి ఎంతో పట్టికలో రాసి ఉంటుంది. 2021 జులై నుంచి వర్తించేలా 2023లో కుదిరిన పదకొండో ఒప్పందంలో కనీసం 19 శాతం పెరుగుదల వచ్చింది. అణువులకు యూనియన్ ఉండదు! అదే గని మీద అదే డంపరు నడిపే కాంట్రాక్టు డ్రైవరుకు ఆ పట్టిక వర్తించదు. ఆ తేడా ఢీకొట్టుకోవడం వల్ల వచ్చింది కాదు, మనుషులు రాసుకున్న నిబంధనల వల్ల వచ్చింది.

అయితే అంతా కొట్టిపారేయనక్కర లేదు. కొలవడానికి ముడిసరుకు లేకపోవడం వల్ల ఒకప్పుడు ఈ వాదాలన్నీ గాలిలో నడిచేవి. ఇప్పుడు సరుకుకు కొదవ లేదు. ఫోను మీటితే డబ్బు పంపే యు.పి.ఐ. పద్ధతి 2016లో మొదలైంది. 2023 ఆగస్టులో మొదటిసారి ఒక్క నెలలో వెయ్యి కోట్ల లావాదేవీలు దాటాయి. ప్రతిదీ ఒక ఢీయే. రైళ్ళనే చూడండి. ఏదైనా ఒక రైలు రెండు స్టేషన్లలోనూ ఆగితే ఆ రెండింటి మధ్య ఒక గీత గీసి, మన రైల్వేల వల ఎలా ఉన్నదో కలకత్తా పరిశోధకులు 2003లో చూశారు. ఇంత పెద్ద దేశంలో ఏ స్టేషను నుంచి ఏ స్టేషనుకైనా సగటున రెండు రైళ్ళకు కాస్త ఎక్కువ చాలునని తేలింది. బల్లార్షాలో బండెక్కి పెద్దపల్లిలోనో కాజీపేటలోనో దిగే మనవాళ్ళకు ఇది వింతేమీ కాదు. మన వలసలు కూడా ఆ గీతల వెంటే నడిచాయి. ముందు ఒక మేనమామ, వెనక ముగ్గురు అల్లుళ్ళు, వారి వెనక ఒక వాడ.

గణాంక భౌతికశాస్త్రం నిజంగా గట్టిగా నిలబడే చోటు ధరల కుదుపులు. ఈ కథ పత్తితో మొదలవుతుంది. అందుకే నాకు ఇష్టం. వార్ధా నది దాటితే వణి, ఆ పైన హింగణ్‌ఘాట్. అంతా నల్లరేగడి, పత్తి సీమ. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఓడలు ఆగిపోయినప్పుడు ఈ ప్రాంతపు పత్తి ధర ఆకాశానికి లేచింది. 1865లో యుద్ధం ముగిశాక అంత వేగంగానూ పడింది. నూరేళ్ళ తర్వాత, 1963లో, ఐ.బి.ఎం.లో పనిచేస్తున్న మాండెల్‌బ్రాట్ పాత అమెరికా పత్తి ధరల పట్టికలు ముందేసుకుని కూర్చున్నాడు. ధరలు తప్పతాగినవాడి అడుగుల్లా తడబడతాయని 1900లోనే ఫ్రెంచి విద్యార్థి బషలియే ఒక సిద్ధాంతవ్యాసం రాశాడు. అణువుల తాడనం వల్ల ధూళికణం ఎలా తడబడుతుందో ఐన్‌స్టీన్ రాయడానికి అయిదేళ్ళ ముందే! ఆ లెక్క ప్రకారం ధరల మార్పులు గంట వక్రరేఖలో ఇమడాలి. పత్తి ధరలు ఇమడలేదు. మరీ పెద్ద కుదుపులు ఉండవలసినదానికన్నా చాలా ఎక్కువగా ఉన్నాయి. పైగా రోజువారీ మార్పుల బొమ్మా, నెలవారీ మార్పుల బొమ్మా ఒకే అచ్చులో పోసినట్లున్నాయి.

తర్వాత 1998లో పరమేశ్వరన్ గోపీకృష్ణన్, స్టాన్లీ బృందం వెయ్యి అమెరికా కంపెనీల షేర్లకు చెందిన సుమారు నాలుగు కోట్ల ధరల నమోదులను జల్లెడ పట్టి ఆ తోకకు ఒక నియమం చెప్పింది. కుదుపు రెట్టింపు పెద్దదైతే అది వచ్చే అవకాశం ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. అంతే, సున్నా కాదు. మూడు శాతం కుదుపు ఒక కాలంలో 16 సార్లు వచ్చిందనుకోండి, ఆరు శాతం కుదుపు రెండుసార్లు రావచ్చునన్నమాట. గంట వక్రరేఖయితే దాన్ని అసంభవం కింద జమకట్టేది. బొంబాయి జాతీయ స్టాక్ ఎక్స్చేంజి ధరలు కూడా ఇదే నియమం పాటిస్తాయని రాజ్‌కుమార్ పాన్, సిన్హా 2007లో చూపారు.

పేపర్లో వచ్చే అంకెలతో పోల్చుకోండి. సెన్సెక్సు 1992 ఏప్రిల్ 28న ఒక్క రోజులో 12 శాతానికి పైగా పడింది. 2004 మే 17న 11 శాతం పడింది. 2020 మార్చి 23న 13 శాతం పడింది. మామూలు రోజుల్లో సెన్సెక్సు కదిలేది ఒకటి, ఒకటిన్నర శాతం. గంట వక్రరేఖ నమ్మినవాడికి ఇటువంటి రోజు భూమి పుట్టిన నాటి నుంచి ఒక్కసారి కూడా రాకూడదు. మనకు 28 ఏళ్ళలో మూడు వచ్చాయి.

మా వాడలో ఒక మైనింగ్ సర్దార్ రిటైరయ్యాడు. ముప్పై ఏళ్ళు గనిలో పైకప్పును కర్రతో తట్టి, చప్పుడును బట్టి ఎక్కడ బండ వదులైందో చెప్పిన మనిషి. గ్రాట్యుటీ, ప్రావిడెంటు ఫండు చేతికొచ్చాయి. ఎవరో ఫోను గుంపులో చేర్చారు. ఫ్యూచర్లు, ఆప్షన్లు. ఏడు నెలలు వరుసగా లాభం. ఎనిమిదో నెలలో రెండు రోజుల్లో బిడ్డ పెళ్ళికి దాచిన దానిలో ముప్పాతిక భాగం పోయింది. కొడుకు తండ్రితో మాట్లాడ్డం మానేశాడు. తండ్రి చదువు లేక తెలివితక్కువతనం చేశాడని వాడి కోపం. ఒక సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు. “సారూ, గని కప్పు పడేముందు చెప్తది. టక్‌మని కాదు, డబ్‌మని మోగుతది. ఈ ఫోను ఏం చెప్పలే. ఏడ్నెల్లు గెలిచినోణ్ణి రెండ్రోజుల్ల ఎట్ల మునిగిన?” అన్నాడు. నేను, “అన్నా, నీ కొడుకును కూడా పిలువు, ముగ్గురం కలిసి లెక్క చేద్దాం” అన్నాను.

మర్నాడు ఇద్దరూ వచ్చారు. కుర్రాడు ఎడమొహం పెట్టుకుని కూర్చున్నాడు. నేను చెప్పిన ఆట ఇది. లండన్‌కు చెందిన భౌతికశాస్త్రజ్ఞుడు ఓలే పీటర్స్ ఈ ఉదాహరణతో ప్రసిద్ధుడయ్యాడు. నాణెం ఎగరేస్తావు. బొమ్మ పడితే నీ సొమ్ము 50 శాతం పెరుగుతుంది, బొరుసు పడితే 40 శాతం తగ్గుతుంది. ఆడతావా? కుర్రాడు వెంటనే, “ఆడాలె సార్, సగటున ఒక్కో ఆటకు అయిదు శాతం లాభం గదా” అన్నాడు. నిజమే. లక్ష రూపాయలతో ఇరవై ఆటలు ఆడితే లెక్కప్రకారం సగటు రెండు లక్షల అరవై అయిదు వేలు. సరే, ఇప్పుడు పది బొమ్మలూ పది బొరుసులూ పడ్డాయనుకుని నీ లక్ష ఏమైందో వేసి చూడమని కాగితం ఇచ్చాను. ఒకటిన్నరను సున్నా పాయింటు ఆరుతో గుణిస్తే సున్నా పాయింటు తొమ్మిది. దాన్ని పదిసార్లు గుణించాడు. 34,868 రూపాయలు. మళ్ళీ వేశాడు. మళ్ళీ అంతే.

మరి ఆ రెండు లక్షల అరవై అయిదు వేలు ఎక్కడికి పోయింది? పది లక్షలమంది ఈ ఆట ఆడితే వారిలో ఇరవైకి ఇరవై బొమ్మలు పడే ఒక్కడికి 33 కోట్లు వస్తాయి. అటువంటివారు కొందరు సగటును పైకి లాగుతారు. మొత్తం మీద ఇరవై ఆటల చివర నలుగురిలో ముగ్గురు పెట్టిన లక్ష కన్నా తక్కువతోనే ఇంటికి పోతారు. ఒకే క్షణంలో కోటిమంది సగటు వేరు, ఒక్క మనిషి తన జీవితకాలంలో చూసే సగటు వేరు. ఈ రెండూ ఎప్పుడు ఒకటవుతాయి, ఎప్పుడు కావు అనేది బోల్ట్‌జ్‌మన్ కాలం నుంచి గణాంక భౌతికశాస్త్రాన్ని పట్టి పీడిస్తున్న ప్రశ్న. గదిలోని గాలికి చాలావరకు ఒకటే. రిటైరయిన కార్మికుడి ప్రావిడెంటు ఫండుకు కాదు. ఎందుకంటే ఆయనకు ఆ ఆట ఆడడానికి పది లక్షల జీవితాలు లేవు, ఒక్కటే ఉంది.

మన సెబీ 2024 సెప్టెంబరులో బయటపెట్టిన అంకెలు కూడా కుర్రాడికి చూపించాను. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ళలో ఫ్యూచర్లు, ఆప్షన్లు ఆడిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. ఖర్చులతో కలిపి తలకు సగటు నష్టం రెండు లక్షలు. మొత్తం 1 లక్ష 80 వేల కోట్లకు పైనే. లక్ష రూపాయలకన్నా ఎక్కువ లాభం కళ్ళజూసినవారు నూటికి ఒక్కరు. ఆ 93 మందిలో చదువుకోనివారే ఉన్నారనుకోవడానికి వీల్లేదు. ఇంజనీర్లూ ఉంటారు, బ్యాంకు ఆఫీసర్లూ ఉంటారు. ఆ ఏడు నెలల లాభం సర్దార్ అన్న తెలివి కాదు, ఎనిమిదో నెల నష్టం ఆయన తెలివితక్కువతనమూ కాదు. అటువంటి ఆటలో అతి మామూలుగా జరిగేదే ఆయనకూ జరిగింది.

కుర్రాడు చాలాసేపు కాగితం వైపే చూశాడు. తర్వాత తండ్రివైపు తిరిగి, ఇంకా ఎంత మిగిలింది నాయినా అని అడిగాడు. ఎన్ని రోజుల తర్వాత మాట్లాడాడో నాకు తెలియదు. ఆయన అంకె చెప్పాడు. ఇద్దరూ కూర్చుని లెక్కలు వేసుకున్నారు. పెళ్ళికి సిద్దిపేట సంబంధంవాళ్ళను ఒక ఏడాది ఆగమని అడగడం, మిగిలిన దాన్ని పోస్టాఫీసు వృద్ధుల పథకంలో వేయడం, ఫోను లోంచి ఆ గుంపును తీసేయడం. మా ఆవిడ చాయ్ తెచ్చేసరికి సర్దార్ అన్న జేబులోంచి ఫోను తీసి, దాన్ని వేళ్ళతో రెండుసార్లు తట్టి చెవి దగ్గర పెట్టుకుని, “ఇది డబ్‌మనే మోగుతున్నది సారూ” అన్నాడు. ముగ్గురం నవ్వాం.